పాత చవక అకూస్టిక్ గిటార్, దాని అసలు కేసు: కొనేముందు ఏం చూడాలి, ఇంటికి తెచ్చాక ఏ వరసలో ఏం చేయాలి

"ఒక పాత హార్మొనీ గిటార్ దొరికింది, కేసు కూడా ఉంది, తీసుకోనా?" అనీ, "తీసుకున్నాను, ఇప్పుడేం చేయాలి?" అనీ ఈ రెండు ప్రశ్నలే మళ్లీమళ్లీ వస్తున్నాయి. ఒక్కొక్కరికీ ముక్కలు ముక్కలుగా చెప్పేకన్నా మొత్తం ఒకచోట రాయడం మేలనిపించింది.

ఇక్కడ చెప్పేది 1950ల నుంచి 1970ల దాకా మామూలు విద్యార్థుల కోసం, కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసం తయారైన గిటార్ల గురించి. అమెరికాలో హార్మొనీ, కే, స్టెల్లా, సిల్వర్‌టోన్. జపాన్‌లో యమహా తొలి ఎఫ్‌జీ మోడళ్లు, ఇంకా ఆ కాలంలో వేరే వేరే పేర్లతో ఎగుమతైనవి. వీటి మీద ఇష్టం ఎందుకు కలుగుతుందో ఒకసారి వాయించినవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. కొట్టగానే టక్కున పలికి తొందరగా ఆగిపోయే ఆ పొడి శబ్దం కొత్త గిటార్లలో వెతికినా దొరకదు. కానీ పని మొదలుపెట్టే వరస తప్పితే ఆ శబ్దమే పాడవుతుంది, కాబట్టి వరస ముఖ్యం.

నేను పాటించే వరస ఇది: చూడటం, ఆగడం, కేసు, శుభ్రం, జిగురు, చివరికి తీగలు. చాలామంది తీగలతో మొదలుపెడతారు. సగం నష్టాలు అక్కడే జరుగుతాయి.

1. చూడటానికి వెళ్లేముందు సంచిలో వేసుకోవాల్సినవి

- 45 నుంచి 60 సెంటీమీటర్ల ఉక్కు స్కేలు, అంచు కచ్చితంగా తిన్నగా ఉన్నది
- చిన్న 15 సెంటీమీటర్ల స్కేలు, మిల్లీమీటర్ గీతలతో
- పొడుగు పిడి ఉన్న చిన్న అద్దం
- ఫోన్, దాని లైటు, వీలైతే ఇంకో చిన్న టార్చి
- ఒక పలుచని కాగితం ముక్క
- ట్యూనర్

కాగితం ముక్క దేనికా అనుకోకండి, బ్రిడ్జ్ (బాడీ మీద తీగలు ఆనే చెక్క ముక్క) దగ్గర దానితోనే పని పడుతుంది.

2. ముందు నెక్, మిగతావన్నీ తర్వాత

మెరుపు, గీతలు, రంగు అవన్నీ పక్కన పెట్టండి. పాత గిటార్‌లో అసలు ఖర్చు నెక్ దగ్గరే, అంటే వేళ్లతో తీగలు నొక్కే పొడుగు భాగం దగ్గరే ఉంటుంది. దశాబ్దాల పాటు తీగలు లాగుతూ ఉంటే నెక్ బాడీతో కలిసే చోట కోణం నెమ్మదిగా మారిపోతుంది, తీగలు ఫ్రెట్‌ల (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు గీతల) నుంచి పైకి లేచిపోతాయి. దాన్ని సరిచేయడమంటే నెక్ ఊడదీసి మళ్లీ కోణం చెక్కి బిగించడం. నెక్ రీసెట్ అనేది దీన్నే. ఆ పని ఖర్చు చాలాసార్లు గిటార్ ధరను దాటిపోతుంది.

పరీక్ష ఇలా చేయండి. పొడుగు స్కేలును ఫ్రెట్‌ల మీద నెక్ మధ్యగా పొడవునా ఆనించి బ్రిడ్జ్ వైపు జరపండి. స్కేలు కొస బ్రిడ్జ్ చెక్క పై అంచుకు తాకినా, దాని మీదుగా వెళ్లినా కోణం బాగుంది. ఇక్కడ చూడాల్సింది చెక్కని, దాని మీద తీగలు ఆనే తెల్లటి పట్టీని, అంటే శాడిల్‌ని కాదు. పై అంచుకు 1 మిల్లీమీటర్ కిందికి తగిలితే బండి నడుస్తుంది. 2 మిల్లీమీటర్లు, అంతకంటే కిందికి తగిలితే రీసెట్ కావాలనే లెక్క వేసుకోండి.

తర్వాత నెక్ వంపు. లావు తీగను మొదటి ఫ్రెట్ దగ్గర ఒక వేలితో, నెక్ బాడీని కలిసే ఫ్రెట్ దగ్గర ఇంకో వేలితో నొక్కి పట్టుకోండి. అప్పుడు ఆ తీగే తిన్నని స్కేలు అవుతుంది. ఏడో ఫ్రెట్ మీద తీగకీ ఫ్రెట్‌కీ మధ్య 0.15 నుంచి 0.25 మిల్లీమీటర్ల సందు ఉంటే చక్కగా ఉన్నట్టు. సందు 0.5 దాటితే అసలు ప్రశ్న మొదలవుతుంది: ఈ నెక్‌లో ట్రస్ రాడ్, అంటే తిప్పి వంపు సర్దుకునే లోపలి ఇనుప కడ్డీ, ఉందా, లేదా?

చాలా చవక మోడళ్లలో ఉండదు. హెడ్‌స్టాక్ (కీలుండే నెక్ కొస) మీద స్టీల్ రీఇన్‌ఫోర్స్‌డ్ నెక్ అని రాసి ఉంటే లోపల ఒక ఇనుప పట్టీ ఉందని మాత్రమే అర్థం, దాన్ని తిప్పి సర్దలేం. అలాంటి నెక్ ఎక్కువ వంగితే వేడి పెట్టి నొక్కడమో, ఫ్రెట్‌లు తీసి బోర్డు చెక్కడమో చేయాలి, రెండూ ఇంట్లో మొదటిసారి ప్రయత్నించే పనులు కావు.

చివరగా యాక్షన్ కొలవండి, అంటే పన్నెండో ఫ్రెట్ మీద తీగ ఎంత ఎత్తులో ఉందో. లావు తీగకు 2.5 మిల్లీమీటర్లు, సన్న తీగకు 1.8 దగ్గర ఉంటే హాయిగా వాయించొచ్చు. 3.5 ఉన్నా భయపడకండి, శాడిల్ ఎంత మిగిలి ఉందో చూడండి. పన్నెండో ఫ్రెట్ దగ్గర 1 మిల్లీమీటర్ తగ్గాలంటే శాడిల్ 2 మిల్లీమీటర్లు అరగదీయాలి, ఎందుకంటే పన్నెండో ఫ్రెట్ సరిగ్గా సగం దూరంలో ఉంటుంది. అరగదీశాక కూడా బ్రిడ్జ్ చెక్క పైన కనీసం 1.5 నుంచి 2 మిల్లీమీటర్ల శాడిల్ కనబడాలి. ఈ లెక్క అమ్మేవాళ్ల ఎదురుగానే వేసుకోండి, మొహమాటపడకండి.

3. లోపల ఏముందో చూడండి

అద్దాన్ని పై చెక్కలోని రంధ్రం, అంటే సౌండ్‌హోల్‌లోంచి లోపలికి పెట్టి, టార్చి వేసి పై చెక్క లోపలి వైపు చూడండి. ఈ గిటార్లలో చాలావాటికి బ్రేస్‌లు (చెక్కకు బలమిచ్చే లోపలి పట్టీలు) నిచ్చెన మెట్లలా అడ్డంగా ఉంటాయి. దీన్ని ల్యాడర్ బ్రేసింగ్ అంటారు. ఖరీదైన గిటార్లలో ఎక్స్ ఆకారంలో ఉంటాయి. ఆ పొడి శబ్దం చాలావరకు ఈ నిచ్చెన వల్లే వస్తుంది, బ్రిడ్జ్ వెనక పై చెక్క ఉబ్బిపోవడం కూడా దీనివల్లే జరుగుతుంది. కొంచెం ఉబ్బు సహజం. బ్రిడ్జ్ ముందు భాగం లోపలికి కుంగి, వెనక భాగం పైకి లేచి బ్రిడ్జ్ ముందుకు ఒరిగినట్టు ఉంటే మాత్రం ఏదో బ్రేస్ ఊడిందని అనుమానించండి.

వేలి కణుపుతో పై చెక్కనీ, వెనక చెక్కనీ అంతటా మెల్లగా తట్టండి. గట్టిగా ఉన్నచోట శబ్దం శుభ్రంగా ఉంటుంది, ఊడిన బ్రేస్ మీద గలగలమంటుంది. కాగితం ముక్కను బ్రిడ్జ్ అంచుల కిందికి దూర్చి చూడండి. 2 మిల్లీమీటర్ల కంటే లోపలికి జారితే బ్రిడ్జ్ లేస్తున్నట్టే.

చెక్క ఒకే పలకా, ప్లైవుడ్డా అన్నది సౌండ్‌హోల్ అంచులో తెలుస్తుంది. పైన కనిపించే చెక్క రేఖలు అంచు మందంలో కూడా కొనసాగితే ఒకే పలక. పొరలు పొరలుగా కనిపిస్తే ప్లైవుడ్. హార్మొనీ సావరిన్ హెచ్1260లో పైన ఒకే పలక స్ప్రూస్, పక్కలకీ వెనకకీ మహోగని ఉంటాయి. యమహా ఎఫ్‌జీ-180 పైన ప్లైవుడ్డే, అయినా దాన్ని ఇప్పటికీ వెతికి మరీ కొంటున్నారు. కాబట్టి ప్లైవుడ్ అనగానే వదిలేయకండి, అది పగుళ్లు తక్కువ ఇస్తుంది, చెవితో విని తేల్చుకోండి.

ఏ కాలందో తెలుసుకోవడానికి వెనక చెక్క లోపలి వైపు సిరా ముద్ర కోసం చూడండి. హార్మొనీ గిటార్లలో ఎఫ్ లేదా ఎస్ అక్షరం, పక్కన రెండంకెల సంవత్సరం ఉంటుంది. ఎఫ్-64 అంటే 1964. మాసిపోయి ఉంటే టార్చిని పక్క నుంచి ఏటవాలుగా వేయండి, తేలుతుంది. హెడ్‌స్టాక్ మీద సిల్వర్‌టోన్ అని ఉంటే అది సియర్స్ దుకాణాల సొంత పేరు, తయారుచేసింది హార్మొనీ, కే లాంటి వేరే కంపెనీలు. ఎవరు చేశారన్నది లోపలి గుర్తులే చెబుతాయి.

4. కేసు నిజంగా దానిదేనా?

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే ఎక్కువమంది కేసును సంచీలా చూస్తారు. నా ఉద్దేశంలో గిటార్, కేసు ఒకే వస్తువు. గిటార్ ఎలా బతికిందో కేసే చెబుతుంది.

చవక గిటార్లతో వచ్చిన కేసుల్లో ఎక్కువగా కనిపించేది చిప్‌బోర్డ్. గట్టిగా అదిమిన అట్ట, బయట నల్లని గరుకు రంగు, కొన్నిటికి మొసలి చర్మం లాంటి అచ్చు, అంచుల్లో కుట్టు, లోపల పలుచని గుడ్డ. రెండోది ప్లైవుడ్ గట్టి కేసు, లోపల మెత్తటి మఖమల్ లాంటి గుడ్డ. మూడోది మెత్తని కాన్వాస్ లేదా వినైల్ సంచి.

అమ్మేవాళ్లు ఒరిజినల్ కేసు అంటే వాళ్లు అబద్ధం చెబుతున్నారని కాదు, వాళ్లకి వచ్చినప్పుడే అలా వచ్చి ఉండొచ్చు. మీరే చూసుకోండి:

- గిటార్‌ను లోపల పెట్టి పక్కలకు కదపండి. ఒక వేలు మందం కంటే ఎక్కువ జరిగితే అది వేరే గిటార్ కోసం చేసిన కేసు.
- నడుము దగ్గర, హెడ్‌స్టాక్ దగ్గర ఆకారం కలుస్తోందా?
- మూత లోపలి గుడ్డ మీద తీగలూ బ్రిడ్జ్ తగిలి పడిన గుర్తులు ఈ గిటార్ బ్రిడ్జ్ ఎక్కడుందో అక్కడే ఉన్నాయా? ఇదే నాకు అన్నిటికంటే నమ్మకమైన ఆధారం.
- ట్యూనింగ్ కీల కింద గుడ్డ అరిగిన చోటు ఈ కీల వరసతో సరిపోతోందా?
- కేసు జేబులో ఏమున్నాయి?

జేబు గురించి ఒక మాట. పాత తీగల కవర్లు, పిక్‌లు, రసీదులు, తాళంచెవి, చేతిరాత కాగితాలు ఏం దొరికినా పారేయకండి. నేను మొదటిసారి కొన్న గిటార్ కేసును ఉత్సాహంగా దులిపేసి అందులోని చిత్తు కాగితాలన్నీ చెత్తలో వేశాను, వాటిలో ఆ గిటార్ కొన్నప్పటి రసీదు కూడా ఉందని చాలా ఆలస్యంగా తెలిసింది. ఆ బాధ ఇప్పటికీ పోలేదు. ముందు ఫోటో తీయండి, తర్వాత అన్నిటినీ ఒక కాగితం కవర్‌లో వేసి పక్కన పెట్టండి.

కేసు తెరవగానే వాసన కూడా చూడండి. బూజు వాసన వస్తే తేమలో ఉందని అర్థం, గిటార్ లోపల జిగురు కూడా తడి తిని ఉండొచ్చు. కర్పూరంలా ఘాటుగా, పుల్లగా వస్తే సెల్యులాయిడ్ అనే పాత ప్లాస్టిక్‌తో చేసిన పిక్‌గార్డో (పై చెక్కకు గీతలు పడకుండా వేసే రేకు), కీల గుండీలో పాడవుతున్నట్టు. ఆ ఆవిర్లు మూసిన కేసులో పోగై దగ్గరున్న లోహాన్ని తినేస్తాయి, తీగలు ఒకచోట మాత్రమే పచ్చగా తుప్పు పట్టి కనబడితే కారణం ఇదే కావచ్చు. అలాంటి గిటార్‌ను మూసిన కేసులో ఉంచకూడదు. ఆ ముక్కకు నిప్పు, వేడి తగలనివ్వకూడదు, సెల్యులాయిడ్ చాలా తొందరగా అంటుకుంటుంది.

5. తెచ్చాక రెండు వారాలు ముట్టుకోకండి

కష్టమే, తెలుసు. కానీ ఏళ్ల తరబడి అటక మీదో, తడి గదిలోనో ఉన్న చెక్క కొత్త గాలికి అలవాటు పడాలి. తీగలను రెండు మూడు స్వరాలు వదులు చేసి, కేసులోంచి బయటికి తీసి, ఎండ పడని గదిలో ఉంచండి. గాలిలో తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉంటే మంచిది, చిన్న డిజిటల్ మీటర్ ఒకటి పక్కన పెట్టుకోండి.

ఎండిపోయిన గిటార్‌లో పగుళ్లు ఈ రెండు వారాల్లో వాటంతటవే దగ్గరకు రావడం నేను చాలాసార్లు చూశాను. మొదటిరోజే జిగురు పోసి ఉంటే అవి అలా విప్పుకునే ఉండిపోయేవి.

6. కేసును బాగుచేయడం

గిటార్ ఆరుతున్న ఈ సమయంలోనే కేసు పని చేసేయండి.

మొదట దుమ్ము. వ్యాక్యూమ్ గొట్టం నోటికి పలుచని వల గుడ్డ కట్టి లోపల అంతా లాగండి, ఊడిపోతున్న గుడ్డ లోపలికి పోకుండా ఉంటుంది. మూలల్లో చిన్న పురుగుల పొట్టులు, గుడ్డలో కొరికిన చారలు కనబడితే వారం తేడాతో మూడుసార్లు లాగండి.

తర్వాత వాసన. నీడలో, గాలి తగిలేచోట మూడు నాలుగు రోజులు తెరిచి ఉంచండి. ఆ తర్వాత యాక్టివేటెడ్ చార్‌కోల్ పొట్లాలు లోపల పెట్టి వారం మూసి ఉంచండి. వంటసోడా వాడితే గిన్నెలో పోసి పెట్టండి, గుడ్డ మీద చల్లకండి. చల్లిన పొడి పోగుల్లో ఇరుక్కుంటే ఎంత దులిపినా పూర్తిగా రాదు. సువాసన స్ప్రేలు అసలు వద్దు, బూజు వాసన మీద ఇంకో వాసన చేరి రెండూ గిటార్‌కి పడతాయి.

బూజు మచ్చలుంటే మాస్క్ వేసుకుని ఆరుబయట పని చేయండి. ముందు పూర్తిగా ఆరనిచ్చి, మెత్తని బ్రష్‌తో దులిపి, 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ గుడ్డకు అద్ది తుడవండి. రంగు పోతుందేమో ముందు ఓ మూలన చూసుకోండి. ఈ ఆల్కహాల్ సీసా కేసు పనికి మాత్రమే, గిటార్ ఉన్న బల్ల మీదకి కూడా తేకండి.

చిప్‌బోర్డ్‌కి నీళ్లు తగలకూడదు. తడిస్తే ఉబ్బి పొరలు పొరలుగా విడిపోతుంది. బయట పొడి గుడ్డ, మరీ అయితే గట్టిగా పిండిన గుడ్డతో ఒక్కసారి.

చిరిగిన అంచుల్లో తెల్ల జిగురు పలుచగా రాసి, మైనపు కాగితం అడ్డంపెట్టి, క్లాంపులు వేసి రాత్రంతా వదిలేయండి. కుట్టు ఊడితే మైనం రాసిన దారంతో పాత రంధ్రాల్లోంచే కుట్టండి, కొత్త రంధ్రాలు పొడిస్తే అట్ట ఆ గీత వెంబడి చిరుగుతుంది. గొళ్లెం ఊడితే చిన్న బోల్టు, వెనక వాషర్ వేయండి, లోపలి వైపు బోల్టు తల మీద తప్పకుండా గుడ్డ అతికించండి, లేకపోతే అది గిటార్ పక్క చెక్కని గీరుతుంది. పిడి పూర్తిగా పోతే తోలు పట్టీ వేసుకోవచ్చు, పాత పిడి మాత్రం దాచండి.

7. గిటార్‌ను శుభ్రం చేయడం

ముందు ఒక నియమం: ఏ ద్రవమైనా కంటికి కనపడని చోట, దూది పుల్లతో పరీక్షించాకే వాడాలి. పాత పూతలు రకరకాలు. షెల్లాక్ పూతను ఆల్కహాల్ కరిగించేస్తుంది, నైట్రో లాక్కర్ పూతను కూడా పాడుచేయగలదు.

వరస ఇదీ:

- మెత్తని బ్రష్‌తో దుమ్ము
- పొడి మైక్రోఫైబర్ గుడ్డ
- మీ ఊపిరి ఆవిరి తగిలించి, మళ్లీ పొడి గుడ్డ
- గట్టిగా పిండిన తడి గుడ్డ, వెంటనే పొడి గుడ్డ
- అప్పటికీ జిడ్డు పోకపోతే నాఫ్తా (సిగరెట్ లైటర్లలో పోసే ద్రవం లాంటిది), గుడ్డకు కొంచెం అద్ది, కిటికీలు తెరిచి, దగ్గర్లో మంట లేకుండా

సిలికాన్ ఉన్న పాలిష్ వద్దు. ఇప్పుడు మెరుస్తుంది, కానీ రేపు పగులు అతికించాలన్నా, పూత సరిచేయాలన్నా ఆ సిలికాన్ జిగురును పట్టనివ్వదు.

చిన్న స్టెల్లాల్లాంటి వాటికి అంచుల్లో తెల్ల గీతలు నిజమైన బైండింగ్ (అంచు వెంబడి అతికించే పట్టీ) కాదు, పెయింట్. చెక్క రేఖలు కూడా కొన్నిటికి పెయింటే. వాటికి పొడి గుడ్డతో ఆపేయండి, తడి గుడ్డ దాకా వెళ్లకండి.

ఫ్రెట్‌బోర్డ్ దగ్గర ఇంకో చిక్కు ఉంది. చాలా చవక గిటార్లలో నల్లగా కనిపించేది ఎబొనీ కాదు, నల్లరంగు వేసిన మేపుల్ లాంటి చెక్క. స్టీల్ ఊల్‌తో రుద్దితే నలుపంతా పోయి మధ్యమధ్య తెల్ల మచ్చలు తేలతాయి. దూదికి నాఫ్తా అద్ది ఒక మూలన రుద్ది చూడండి, దూది నల్లబడితే అక్కడితో ఆపేయండి. అది మురికా రంగా అని అనుమానం వచ్చినా ఆపేయడమే మేలు. నిజమైన రోజ్‌వుడ్ అయితే శుభ్రం చేశాక ఫ్రెట్‌బోర్డ్ నూనె రెండు చుక్కలు రాసి, ఐదు నిమిషాలకు తుడిచేయండి.

లోపలి దుమ్ముకి, ముందు లేబుల్, ముద్ర ఫోటో తీసుకోండి. లేబుల్ గట్టిగా అతుక్కుని ఉంటే గుప్పెడు పొడి బియ్యం సౌండ్‌హోల్‌లో పోసి, మెల్లగా ఊపి, వంపేయండి. ముప్పై ఏళ్ల దుమ్ము ఉండలుగా వచ్చేస్తుంది. లేబుల్ లేస్తూ ఉంటే బియ్యం వద్దు, మెత్తని బ్రష్ చాలు.

8. ట్యూనింగ్ కీలు

మూడేసి కీలు ఒకే పట్టీ మీద ఉండే రకం ఇవి. స్క్రూల గాడికి సరిగ్గా సరిపోయే స్క్రూడ్రైవర్ వాడండి, పాత స్క్రూ తల విరిగితే తీయడం నరకం. విప్పాక నాఫ్తాతో జిడ్డు కడిగి, పళ్ల దగ్గర కుట్టుమిషన్ నూనె ఒక్కో చుక్క వేసి తిప్పండి. పట్టేసినవి అనుకున్నవాటిలో చాలా భాగం దీనితోనే కదులుతాయి.

స్క్రూ రంధ్రం వదులైతే పళ్లపుల్లకి చెక్క జిగురు రాసి రంధ్రంలో దూర్చి, ఆరాక కోసేయండి. గుండీలు పిండిలా రాలిపోతుంటే ప్లయర్స్‌తో నలిపి తీసేయండి. వేడి చేసి తీయొద్దు, కారణం పైనే చెప్పాను. కొత్త గుండీలు విడిగా దొరుకుతాయి కాబట్టి మొత్తం కీలు మార్చక్కర్లేదు. మార్చక తప్పకపోతే పాత కీల మధ్య దూరం కొలిచి, అదే దూరం ఉన్నవి తీసుకోండి. హెడ్‌స్టాక్‌కి కొత్త రంధ్రాలు వేయకండి. షికాగోలోని హార్మొనీ ఫ్యాక్టరీ 1975లోనే మూతపడింది, పాత పార్టు పారేస్తే దాని జత మళ్లీ దొరకడం అదృష్టమే. తీసిన పాత పార్టులు, పాడవుతున్న సెల్యులాయిడ్ తప్ప, కేసు జేబులోకి వెళ్లాలి.

9. ఊడినవి అతికించడం

ఏది మీరు చేసుకోవచ్చు, ఏది వదిలేయాలి అన్నది ముందే తేల్చుకోండి.

మీరు చేసుకోగలిగినవి: చేతికి అందే ఊడిన బ్రేస్, వేలితో నొక్కితే పూర్తిగా మూసుకునే పగులు, లేచిన బైండింగ్.
గిటార్ రిపేర్ చేసేవాళ్లకి ఇవ్వాల్సినవి: నెక్ రీసెట్, నొక్కినా మూసుకోని పగులు, అరిగిపోయిన బ్రిడ్జ్ ప్లేట్ (బ్రిడ్జ్ కింద లోపలి వైపు ఉండే పలక), ఫ్రెట్‌లు మార్చడం.

బ్రేస్‌కి పలుచని కత్తి రేకుతో జిగురు సందులోకి పూర్తిగా పంపి, లోపలి నుంచి చిన్న జాకీతోనో క్లాంపుతోనో బిగించి, ఒక రోజు వదిలేయండి. జంతు చర్మంతో చేసే హైడ్ గ్లూ అయితే శ్రేష్ఠం, ఎందుకంటే వేడి, తేమ తగిలిస్తే మళ్లీ ఊడుతుంది, రేపు ఎవరైనా సరిచేయగలుగుతారు. అది కుదరకపోతే మామూలు పసుపు చెక్క జిగురు పర్వాలేదు. ఎపాక్సీ మాత్రం వద్దు. సూపర్ గ్లూ కూడా వద్దు.

పగులు మూసుకున్నాక లోపలి వైపు దాని మీద అడ్డంగా చిన్న పలుచని చెక్క బిళ్లలు అతికించాలి. అవి లేకపోతే వచ్చే పొడి కాలానికి మళ్లీ తెరుచుకుంటుంది.

బ్రిడ్జ్ విషయంలో నేనూ ఒకసారి తొందరపడ్డాను. వెనక అంచు లేచింది కదా అని సందులో జిగురు పిండి బిగించేశాను, మూడు నెలలకి మొత్తం ఊడి పైకి లేచింది, దానితో పాటు పై చెక్క పోగులు కూడా కొన్ని వచ్చాయి. పాత జిగురు మీద కొత్త జిగురు పట్టదు. కాగితం బాగా లోపలికి జారుతుంటే బ్రిడ్జ్ పూర్తిగా తీసి, రెండు వైపులా చెక్క కనిపించేలా శుభ్రం చేసి, అప్పుడు అతికించాలి. తీసేముందు బ్రిడ్జ్ మీద ముత్యంలాంటి చుక్కలు ఉన్నాయేమో చూడండి. కొన్ని మోడళ్లలో వాటి కింద బోల్టులు ఉంటాయి, అవి తీయకుండా లాగితే పై చెక్క చిరిగిపోతుంది.

నెక్ ఊడదీయాల్సి వస్తే ఒక సంగతి ముందే తెలుసుకోండి. పాత అమెరికన్ గిటార్లలో ఎక్కువగా హైడ్ గ్లూ, ఆవిరికి లొంగుతుంది. పాత యమహా ఎఫ్‌జీల జాయింట్ అంత సులభంగా రాదని రిపేర్ చేసేవాళ్లు చెబుతారు. ఇవ్వబోయే వ్యక్తి ఆ మోడల్ మీద పని చేశారో లేదో అడగండి.

10. తీగలు వేయడం

ఇప్పుడు, అన్నీ ఆరాక.

మామూలుగా దొరికే 12-53 లైట్ సెట్ (అంకెలు సన్న తీగ, లావు తీగ మందాలు, అంగుళంలో వెయ్యో వంతుల్లో) పూర్తి శ్రుతిలో 70 కిలోలకు పైగా లాగుతుంది. 10-47 సెట్ సుమారు 60 కిలోలు. నిచ్చెన బ్రేస్‌లున్న పాత గిటార్‌కి ఈ పది కిలోల తేడా చాలా పెద్దది. 10-47తో మొదలుపెట్టండి. అంతా నిలకడగా ఉంటే కొన్ని నెలల తర్వాత 11-52 ప్రయత్నించొచ్చు. 13తో మొదలయ్యే సెట్లు వద్దు.

- మొదటిరోజు ఒక పూర్తి స్వరం కిందికే శ్రుతి చేయండి
- బ్రిడ్జ్ వెనక ఉబ్బును స్కేలు పెట్టి కొలిచి రాసుకోండి
- రెండోరోజు మళ్లీ కొలవండి, మారకపోతే పూర్తి శ్రుతికి తీసుకెళ్లండి
- వారం తర్వాత యాక్షన్, నెక్ వంపు మళ్లీ కొలవండి
- శాడిల్ అరగదీయడం ఆ తర్వాతే, అది కూడా అడుగు వైపు నుంచి, కొంచెం కొంచెంగా

తీగలను బాడీ కింది కొసన పట్టుకునే టెయిల్‌పీస్ ఉండి, బ్రిడ్జ్ అతికించకుండా తీగల ఒత్తిడితో నిలబడే రకమైతే, పాత తీగలు తీసేముందు బ్రిడ్జ్ ఎక్కడుందో కొలుచుకోండి. అది అప్పటికే జరిగి ఉంటే నట్ (హెడ్‌స్టాక్ దగ్గర తీగలు ఆనే గాడుల పట్టీ) నుంచి పన్నెండో ఫ్రెట్ దాకా కొలిచి, దాన్ని రెట్టింపు చేసి, సన్న తీగ వైపు 2, లావు తీగ వైపు 4 మిల్లీమీటర్ల దాకా కలిపి అక్కడ నిలబెట్టండి. తర్వాత ట్యూనర్‌తో పన్నెండో ఫ్రెట్ హార్మోనిక్ (తీగను నొక్కకుండా ఊరికే తాకి మీటిన స్వరం), అదే ఫ్రెట్ నొక్కిన స్వరం ఒకటయ్యేదాకా జరపండి. నొక్కిన స్వరం ఎక్కువ పలికితే బ్రిడ్జ్ వెనక్కి, తక్కువ పలికితే ముందుకి.

11. తరచూ అడిగే తిప్పలు, వాటి మందు

మొదటి ఫ్రెట్‌లో వేళ్లు నొప్పి, పైకి వెళ్తే బాగానే ఉంటుంది: నట్ గాడులు ఎత్తుగా ఉన్నాయి. మూడో ఫ్రెట్ దగ్గర నొక్కితే మొదటి ఫ్రెట్ మీద కాగితం పట్టేంత సందు మాత్రమే ఉండాలి.

ఒకే స్వరం దగ్గర గర్రుమంటుంది: ముందు ఫ్రెట్‌లను అనుమానించకండి. కీల స్క్రూలు, ఊడిన బ్రేస్, పిక్‌గార్డ్ అంచు ఒక్కోదాన్ని వేలితో నొక్కి పట్టుకుని అదే స్వరం వాయించండి.

శ్రుతి నిలవడం లేదు: చాలాసార్లు కీల తప్పు కాదు. నట్ గాడిలో తీగ ఇరుక్కుంటోంది. గాడిలో పెన్సిల్ ముక్క రుద్దండి.

శుభ్రం చేశాక పూత జిగటగా అయింది: ద్రవం పూతను మెత్తబరిచింది. ముట్టుకోకుండా వారం రోజులు వదిలేయండి, తుడిచేకొద్దీ ఇంకా పాడవుతుంది.

12. దాచడం, పంపడం

కేసులో తేమ మీటర్ ఉంచండి. పొడి కాలంలో తేమ ఇచ్చే పొట్లం, తడి కాలంలో పీల్చే పొట్లం. కేసును నిలువుగా లేదా పక్క మీద ఉంచండి, చిప్‌బోర్డ్ కేసు మీద బరువు పెట్టకండి, మూత కుంగి నేరుగా బ్రిడ్జ్ మీద పడుతుంది.

ఎక్కడికైనా పంపాలంటే చిప్‌బోర్డ్ కేసు ఒక్కటే సరిపోదు. తీగలు వదులు చేసి, జేబులోని గట్టి వస్తువులు తీసేసి, హెడ్‌స్టాక్ కిందా పక్కలా గుడ్డ నింపి, కేసును ఒక పెట్టెలో, ఆ పెట్టెను ఇంకో పెట్టెలో పెట్టండి. దేశం దాటించేముందు చెక్క ఏదో తెలుసుకోండి. బ్రెజిలియన్ రోజ్‌వుడ్ 1992 నుంచి సైట్స్ (అంతరించిపోయే జీవజాతుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం) మొదటి జాబితాలో ఉంది, చవక గిటార్ల ఫ్రెట్‌బోర్డ్‌లలో, బ్రిడ్జ్‌లలో కూడా అది కనబడుతుంది, పర్మిట్ లేకుండా పంపితే పట్టుకుంటారు. మిగతా రోజ్‌వుడ్‌లతో పూర్తిగా తయారైన వాయిద్యాలకు 2019 నవంబర్ చివర్లో ఆ ఒప్పందం మినహాయింపు ఇచ్చింది.

పనంతా అయ్యాక ఒక చిన్న కార్డు మీద ఇవి రాయండి: లోపలి ముద్ర, యాక్షన్ కొలతలు, వేసిన తీగల సైజు, ఏ జిగురు ఎక్కడ వాడారు, ఏ పార్టు మార్చారు, తేదీ. పాత రసీదులున్న కవర్‌తో పాటు ఆ కార్డును కేసు జేబులో పెట్టండి.